నాన్నగారి బరువు పుస్తకం

వారానికి మూడు రోజులు మా ఇంట్లో దీపం తెల్లవారుజామున నాలుగు గంటలకే వెలుగుతుంది. అమ్మ అందరికంటే ముందు లేచి పొయ్యి రాజేస్తుంది. నాన్నగారు ముఖం కడుక్కొని, వసారాలో ఉన్న బరువు తూచే యంత్రం మీద నిలబడతారు. మాలో ఒకరు ఆ అంకె చూసి, గోడమేకుకు వేలాడుతున్న నోటుపుస్తకంలో వ్రాస్తారు. తరువాత సంచిలో ఒక దుప్పటి, రెండు ఇడ్లీలు, మందుల చీటీ, ఆ పుస్తకం పెట్టుకొని మొదటి బస్సుకు బయలుదేరతాము. నాన్నగారికి డయాలసిస్ మొదలైన 2022 ఆగస్టు నుండి ఇదే మా ఇంటి క్రమము.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. డయాలసిస్ చేయించుకొనేవారు ఉన్న ఇండ్లు మా చుట్టుప్రక్కల ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఈ పత్రిక చదివే కుటుంబాలలో కూడా కొందరు ఈ భారం మోస్తూ ఉండవచ్చును. జబ్బు కంటే ఎక్కువగా మమ్మల్ని వేధించినది ఒక ప్రశ్న. "అక్కడ మా నాన్నను సరిగ్గా చూస్తున్నారా?" ఈ ప్రశ్నతో మేము ఎలా తప్పటడుగులు వేశామో, ఏమి నేర్చుకొన్నామో ఉన్నదున్నట్లు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

చెప్పకుండా వచ్చిన జబ్బు

నాన్నగారు కొబ్బరి రైతు. జీడిమామిడి తోట కూడా కొంత ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చెట్లు చాలావరకు పడిపోయాయి. ఆ దుఃఖం నుండి తేరుకొని మరుసటి సంవత్సరం మళ్ళీ మొక్కలు నాటారు. ఆ రోజులలోనే ఆయనకు ఆకలి తగ్గింది. ఒంట్లో నీరసం, ఒకటే వాంతి వచ్చినట్లు ఉండడం. తుఫాను బెంగ అనుకొన్నాము. చక్కెర వ్యాధి లేదు, రక్తపోటు లేదు, కాళ్ళ వాపు లేదు. తీరా రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ బాగా పెరిగిపోయి ఉంది.

ఉద్దానంలో ఈ జబ్బు తీరే ఇది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో పొలం పనిచేసే మనుషులకు, చక్కెర, రక్తపోటు లేకుండానే, మూత్రపిండాలు నిదానంగా దెబ్బతింటాయి. ఎందరో వైద్యులు, శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. ఎండలో శ్రమ, నీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా ఎన్నో అనుమానాలున్నాయి గాని ఫలానిదే కారణమని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

మూడు సంవత్సరాలు మందులతో నెట్టుకొచ్చాము. 2022లో ఇక డయాలసిస్ తప్పదన్నారు. ఆ మాట విన్న రోజు మా ఇంట్లో ఎవ్వరమూ అన్నం తినలేదు.

యంత్రం చేసే పని

భయం సగం తెలియనితనం వల్లనే వస్తుంది. ఆ యంత్రం ఏమి చేస్తుందో తెలిసిన తరువాత మా భయం కొంత తగ్గింది.

మనిషికి రెండు మూత్రపిండాలు. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. అవి రాత్రింబగళ్ళు పనిచేసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడకట్టి, కావలసినదంతా మళ్ళీ రక్తంలోకి పంపి, అక్కరలేనిది ఒకటి రెండు లీటర్ల మూత్రంగా బయటకు పంపుతాయి. అవి పాడయినప్పుడు రక్తాన్ని బయటకు తెచ్చి, గొట్టం వంటి వడపోత గుండా పంపి, శుభ్రం చేసి తిరిగి ఎక్కించడమే డయాలసిస్. గొట్టంలో ఒక సన్నని పొరకు ఇవతల రక్తం, అవతల శుద్ధిచేసిన నీటితో కలిపిన మందు ద్రవం ప్రవహిస్తాయి. మలినాలు, ఎక్కువైన ఉప్పు, నీరు పొర దాటి అవతలకు పోతాయి. ఒక్కసారి చేయడానికి వంద లీటర్ల పైచిలుకు శుద్ధమైన నీరు పడుతుంది.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, నెదర్లాండ్స్ దేశంలోని కాంపెన్ అనే పట్నంలో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు, మాంసపు వంటకాలకు చుట్టే సెల్లోఫేను గొట్టాలతో మొదటి యంత్రాన్ని తయారుచేశాడు. మొదట వచ్చినవారిలో చాలామంది దక్కలేదు. 1945లో 67 ఏండ్ల స్త్రీ ఒకామె బ్రతికింది. అయితే ఒకే మనిషికి మళ్ళీ మళ్ళీ చేయడానికి వీలు కలిగినది 1960లో, అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుని వలన. అప్పట్లో యంత్రాలు కొన్నే గనుక ఎవరికి ఇవ్వాలి, ఎవరికి కాదనాలి అని నిర్ణయించడానికి ఆ ఊరిలో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. అందులో ఒక పాదిరిగారు కూడా ఉన్నారు. ఒకరి పేరు వ్రాసి మరొకరి పేరు కొట్టివేయవలసిన ఆ మనుషులు రాత్రులు ఎలా నిద్రపోయారో!

ఈనాడు మన పల్లెటూరి రైతుకు కూడా ఆ యంత్రం ఉచితంగా దొరుకుతున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలిచే పథకం క్రింద, డయాలసిస్ ఖర్చు రోగి మీద పడదు. 2016లో కేంద్ర ప్రభుత్వం జిల్లా ఆసుపత్రులలో పేదలకు డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. 2019 నుండి ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇవన్నీ కృతజ్ఞతతో చెప్పవలసిన మాటలే. కాని ఉచితంగా దొరుకుతున్నది గనుక నోరెత్తి అడగకూడదేమో అన్న సంకోచం కూడా వీటితోపాటే వచ్చింది.

అడగాలంటే భయం

కేంద్రం లోపలికి మమ్మల్ని రానివ్వరు. రోగులకు క్రిములు సోకకుండా ఉండడానికి అది మంచిదే. బయట బెంచీ మీద కూర్చున్న మాకు లోపల ఏమి జరుగుతుందో తెలియదు. తలుపు తెరుచుకొన్నప్పుడల్లా మెడలు చాచి చూసేవాళ్ళము. నాన్నగారు బయటికి వచ్చేసరికి ముఖం వాడిపోయి ఉండేది. "ఎలా ఉంది నాన్నా?" అంటే "నాకేటీ లేదురా, పదండి" అనేవారు. అంతే.

బెంచీ మీద కూర్చొన్నవారి మాటలు మరొక బాధ. "ఆ గొట్టాలు కడిగి మళ్ళీ వాడతారట", "ఆ మిషను మీద వేస్తే పచ్చకామెర్లు అంటుకొంటాయట", "ఫలానా ఆయన బాగానే వచ్చాడు, ఇంటికి వెళ్ళి పోయాడు." ఇటువంటివి విని ఇంటికి వచ్చి నిద్రలేని రాత్రులు ఎన్ని గడిపామో! పోనీ లోపలికి వెళ్ళి అడుగుదామా అంటే అమ్మ వద్దనేది. "మనం ఒక మాట అంటే వాళ్ళు సూది గుచ్చేటప్పుడు ఆ కోపం మీ నాన్న మీద చూపిస్తారు. ఊరుకోండి."

ప్రియ పాఠకులారా, ఈ భయం మా అమ్మ ఒక్కదానిది కాదు. మనవాళ్ళు ఎవరి చేతుల్లోనైనా ఉన్నప్పుడు ఆ చేతులను నొప్పించకూడదన్న భయం ప్రతి ఇంటిలోను ఉంటుంది. కాని అడగకుండా దాచుకొన్న భయం లోపలే పులిసి, ఒకరోజు కోపంగా పొంగింది.

మా అనుమానం తప్పయిన రోజు

మా అన్నదమ్ములలో చిన్నవాడు విశాఖపట్నంలో పనిచేస్తున్నాడు. దూరాన ఉన్నవాడికి బెంగ రెట్టింపు. రోజూ రాత్రి ఫోను చేసి వంద ప్రశ్నలు అడిగేవాడు. 2022 క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడు నాన్నగారి వెంట వెళ్ళాడు. గడియారం చూసుకొంటూ కూర్చున్నాడు. 11 గంటల 15 నిమిషాలకు యంత్రానికి తగిలించారు. 2 గంటల 45 నిమిషాలకే నాన్నగారు బయటికి వచ్చారు. నాలుగు గంటలు చేయవలసినది మూడున్నర గంటలే చేశారు.

మరుసటిసారి కూడా అంతే. ఇక వాడు ఉండబట్టలేకపోయాడు. లోపలినుండి వచ్చిన టెక్నీషియను కుర్రవాడిని అందరి ముందు నిలబెట్టి, "పేదవాళ్ళమని అరగంట ఎగ్గొడతారా? ప్రభుత్వం దగ్గర నాలుగు గంటలకూ లెక్క చూపిస్తారా?" అని గట్టిగా అరిచాడు. పెద్దవాడు కూడా వంత పాడాడు. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి రిజిస్టరు తెచ్చి మా ముందు పెట్టాడు. రెండు నెలలుగా ప్రతిసారీ "రోగి కోరిక మీద ముందుగా ముగించడమైనది" అని వ్రాసి ఉంది. ప్రతి చోటా క్రింద నాన్నగారి సంతకం.

మాకు నోట మాట రాలేదు. బస్సులో ఆయన నిదానంగా చెప్పారు. మా ఊరి వైపు బస్సు మూడు గంటలకు ఉంది. అది తప్పితే మళ్ళీ అయిదున్నరకే. వెంట వచ్చిన కొడుకు పని ఆ రోజంతా పోతుందని ఆయన బాధ. అదీగాక చివరి అరగంటలో పిక్కలు పట్టేసి ప్రాణం పోయినంత నొప్పి. ఆ మాట చెప్తే మేము కంగారుపడతామని చెప్పలేదు. ఆ కుర్రవాడు ఎన్నోసార్లు "తాతగారూ, ఇలా దిగిపోతే ఒంటికి మంచిది కాదు" అని బ్రతిమాలాడట.

లెక్క వేసి చూశాము. వారానికి మూడుసార్లు, సారికి అరగంట చొప్పున, నాలుగు వారాలలో ఆరు గంటలు పోయాయి. అంటే నెలకు ఒకటిన్నర డయాలసిస్‌లు చేయించుకోనట్లే. ఇది ఎవరూ మా దగ్గర దోచుకొనలేదు. మా కోసం మా నాన్నే వదులుకొన్నాడు.

మరుసటిసారి మా అన్నదమ్ములిద్దరము వెళ్ళి, ఎవరి ముందు అరిచామో వారి ముందే ఆ కుర్రవాడిని క్షమించమని అడిగాము. అతడు సిగ్గుపడి, "మా నాన్నకైతే నేను కూడా అలాగే అడుగుదును అన్నా" అన్నాడు. తరువాత అతడే సిస్టరుగారితో మాట్లాడి నాన్నగారిని ఉదయం జట్టుకు మార్పించాడు. పిక్కలు పట్టడానికి కారణం కూడా చెప్పాడు. రెండు డయాలసిస్‌ల మధ్య నీరు ఎక్కువ త్రాగి వస్తే, నాలుగు గంటలలో అదంతా లాగవలసి వస్తుంది. ఎంత వేగంగా లాగితే అంత రక్తపోటు పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. నీరు తగ్గించుకొంటే నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గితే నాలుగు గంటలూ ఉండగలడు.

ఆ రోజు సాయంత్రమే నోటుపుస్తకం కొన్నాము.

మా అనుమానం నిజమయిన రోజు

అనుమానాలన్నీ తప్పులే అనుకొంటే అదీ పొరపాటే.

2023 వేసవి వచ్చేసరికి నాన్నగారికి రాత్రులు ఆయాసం మొదలయింది. వెల్లకిలా పడుకొంటే ఊపిరి ఆడదు. మంచం మీద మూడు తలగడలు పెట్టుకొని కూర్చొని నిద్రపోయేవారు. చీలమండల దగ్గర వ్రేలితో నొక్కితే గుంట పడేది. రక్తపోటు 170 దాటేది. కేంద్రంలో చెప్తే, "బరువు సరిగ్గానే ఉంది కదా, 54 కిలోలకు దించి పంపిస్తున్నాము" అన్నారు. వారు చెప్పినది అబద్ధం కాదు. డయాలసిస్ అయిన తరువాత యంత్రం 54 చూపిస్తూనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి వివరించాలి. ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండే బరువును పొడి బరువు అంటారు. ప్రతిసారీ ఆ బరువుకు దించి పంపించడమే లెక్క. నాన్నగారికి అది మొదట్లోనే 54 అని నిర్ణయించారు.

ఒక రాత్రి అమ్మ ఆయన చొక్కా ఉతికి ఆరవేస్తూ, "ఈ చొక్కా ఆయనకు వేలాడుతోంది. జబ్బలు పుల్లల్లాగా అయిపోయాయి. బరువు మాత్రం తగ్గలేదంటారేమిటి?" అంది. చదువురాని మా అమ్మ అడిగిన ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. పుస్తకం తీసి చూశాము. నాలుగు నెలలుగా ఆయన తిండి సగానికి పడిపోయింది. కండ తగ్గింది. కాని బరువు అదే 54. అంటే పోయిన కండ చోటులో నీరు చేరింది. అంకె మారలేదు, మనిషి మారాడు.

ఈసారి మేము అరవలేదు. నెఫ్రాలజిస్టుగారు కేంద్రానికి ఏ రోజు వస్తారో కనుక్కొని, ఆ రోజు పుస్తకం పట్టుకొని వెళ్ళాము. "డాక్టరుగారూ, నాన్న చిక్కిపోయారు గాని బరువు తగ్గలేదు. రాత్రి పడుకోలేకపోతున్నారు. పొడి బరువు మళ్ళీ ఒకసారి చూస్తారా?" అని అడిగాము. ఆయన పుస్తకం పేజీలు తిప్పారు. నాన్నగారి కాలు నొక్కి చూశారు, ఛాతీ విన్నారు, ఎక్స్‌రే తీయించారు. "మీరు అడిగినది సరియే. దీనిని ముందే సవరించవలసింది" అన్నారు. ఒక్కసారిగా కాకుండా విడతలు విడతలుగా, సారికి అరకిలో లోపునే తగ్గించుకొంటూ వచ్చి, చివరకు 51న్నర దగ్గర నిలిపారు. మూడవ వారంలో నాన్నగారు ఒక్క తలగడ మీద తెల్లవారేదాకా నిద్రపోయారు. అమ్మ లేచి రెండుసార్లు ఊపిరి ఉందో లేదో చూసి వచ్చింది!

మొదటిసారి మేము కోపంతో అడిగాము, తప్పుగా అడిగాము. రెండవసారి పుస్తకంతో అడిగాము, సరిగ్గా అడిగాము. ఒకవేళ మొదటి అవమానానికి భయపడి రెండవసారి నోరు మూసుకొని ఉంటే నాన్నగారు ఏమయ్యేవారో!

పుస్తకంలో వ్రాసేవి, వెళ్ళి అడిగేవి

చాలామంది మమ్మల్ని ఈ పుస్తకం గురించి అడిగారు. గొప్ప సంగతి ఏమీ లేదు. గీతలు గీసిన మామూలు నోటుపుస్తకం. అందులో తేదీ, వెళ్ళేముందు బరువు, వచ్చిన తరువాత బరువు, రెండు వేళలా రక్తపోటు, ఎన్ని గంటలు యంత్రం మీద ఉన్నారు, మధ్యలో ఏమైనా వచ్చిందా అనేవి వ్రాస్తాము. తిండి ఎంత తిన్నారో, నిద్ర ఎలా పట్టిందో ఒక్క మాట. రక్తపరీక్ష చీటీలు వెనుక పేజీలలో అంటిస్తాము. చివరి పేజీలో మా ప్రశ్నలు. బెంచీ మీద ఏది విన్నా ముందు ఆ పేజీలో వ్రాసి, తెలిసినవారిని అడిగిన తరువాతనే నమ్ముతాము.

గొట్టాల సంగతి కూడా అలాగే అడిగాము. ఒకే రోగి గొట్టాన్ని ఆ రోగికే శుభ్రపరచి మళ్ళీ వాడే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది గాని, ఒకరిది మరొకరికి వాడరాదు. మేము వెళ్ళేచోట ప్రతిసారీ కొత్తదే వాడతామని చూపించారు. కామెర్ల సంగతి అడిగితే, హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే యంత్రం కేటాయిస్తారని, మిగతా రోగులకు టీకాలు వేసి, కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష చేస్తారని చెప్పారు. నాన్నగారికి టీకాలు అన్నీ పూర్తికాలేదని అప్పుడే తెలిసింది. అడగబట్టి మిగతావి వేయించాము. ఇవన్నీ ప్రతి కుటుంబమూ అడుగవచ్చును. అడిగితే తప్పుపట్టేవారు తక్కువ.

ఇంటి దగ్గర చూసుకోవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. నాన్నగారి ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేసి రెండు రక్తనాళాలను కలిపారు. దానిని ఫిస్టులా అంటారు. దాని మీద వ్రేళ్ళు ఆనిస్తే తేనెటీగ గూడులాగా జుమ్మని అదురుతుంది. ఉదయం, సాయంత్రం ఆ అదురు చూస్తాము. అది ఆగితే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ చేతితో బరువు ఎత్తకూడదు. ఆ చేతికి రక్తపోటు చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు. మెడ దగ్గర గొట్టం ఉన్నవారికి చలితో జ్వరం వస్తే ఇంట్లో జ్వరం బిళ్ళ వేసి పడుకోబెట్టకూడదు. అది రక్తంలోకి క్రిములు చేరిన గుర్తు కావచ్చును గనుక వెంటనే తీసుకొని వెళ్ళాలి.

కొబ్బరి రైతుకు కొబ్బరినీళ్ళు లేవు

నీరసంగా ఉన్న మనిషికి కొబ్బరిబోండాం కొట్టి ఇవ్వడం మా ప్రాంతపు మర్యాద. కాని అందులో పొటాషియం ఎక్కువ. పాడైన మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. అరటిపండు, ఖర్జూరం, పండ్లరసాలు కూడా అంతే. కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో నానబెట్టి, ఉడికించి, ఆ నీరు పారబోసి వండుతాము. ఒంటికి మంచిదని దుకాణాలలో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కూడా పొటాషియం ఉంటుంది గనుక అది అసలే వాడకూడదు.

నీరు రోజుకు ఎంత త్రాగవచ్చునో డాక్టరుగారు లెక్క చెప్పారు. ఆ కొలత ఉదయమే ఒక సీసాలో పోసి పెడతాము. మందు మ్రింగినా, మజ్జిగ త్రాగినా అందులో లెక్కే. ఒక లీటరు నీరు ఒంట్లో నిలిస్తే ఒక కిలో బరువు. అయితే దాహాన్ని పుట్టించేది ఉప్పు అని ఆలస్యంగా తెలిసింది. ఆవకాయ, ఎండుచేప మానిపించినప్పుడు నాన్నగారు రెండు రోజులు అలిగారు. మా ఇంటి కోడళ్ళు ఇంటిల్లిపాదికీ ఆ చప్పిడి కూరే వండి, ఎవరికి కావలసిన ఉప్పు వారు పైన వేసుకొనే ఏర్పాటు చేశారు. ఒక్కడికే వేరే గిన్నె పెట్టడం లేదని తెలిసిన తరువాత ఆయన అలక తీరింది.

పరామర్శకు వచ్చినవారు

వచ్చినవారు ఎందరో, వారి సలహాలు అన్ని. ఒకరు ఏదో పసరు తెచ్చి, "వారం త్రాగితే మిషను అక్కరలేదు" అన్నారు. మరొకరు, "ప్రార్థన మీద నమ్మకం ఉన్నవారికి మిషను దేనికి?" అన్నారు. ఆ మాట నాన్నగారిని లోతుగా గుచ్చింది. ఒక డయాలసిస్‌కు వెళ్ళనని కూర్చున్నారు. మా పాస్టరుగారు వచ్చి, నాన్నగారి ప్రక్కన మంచం మీద కూర్చొని, "అయ్యా, నేను కళ్ళజోడు పెట్టుకొనే వాక్యం చదువుతున్నాను. అది అవిశ్వాసమంటారా?" అని అడిగారు. నాన్నగారు నవ్వి చెప్పులు వేసుకొన్నారు. పసరు మాత్రం డాక్టరుగారికి చూపించకుండా ఏదీ పట్టించలేదు. తెలియని పసరు మిగిలి ఉన్న కొద్దిపాటి మూత్రాన్ని కూడా ఆపివేయవచ్చునని ఆయన హెచ్చరించారు.

యోబు స్నేహితులు ఏడు రోజులు అతని ప్రక్కన మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచిన తరువాతనే చిక్కు వచ్చింది. మాకు నిజమైన సహాయం చేసినవారు ఎక్కువ మాట్లాడలేదు. సంఘంలోని యౌవనస్థుడొకడు నెలకు నాలుగుసార్లు తన మోటారు సైకిలు మీద నాన్నగారిని తీసుకొని వెళ్తానన్నాడు, ఇప్పటికీ తీసుకొని వెళ్తున్నాడు. ప్రక్కింటి ఆమె శనివారం వచ్చి అమ్మను పడుకోమని తాను నాన్నగారి దగ్గర కూర్చొంటుంది. అమ్మ ఆ రెండు గంటల నిద్ర కోసం వారమంతా ఎదురుచూస్తుంది. ఇటువంటి కుటుంబం మీ సంఘంలో ఉంటే సలహా కంటే ముందు ఇది ఇవ్వండి.

నాన్నగారు అడిగిన ప్రశ్న

ఒక రాత్రి ఆయన హఠాత్తుగా, "ఇది మానేస్తే ఏటవుద్దిరా?" అన్నారు. "అలాంటి మాట అనకు నాన్నా!" అని అందరం ఒకేసారి అరిచాము. ఆయన అటు తిరిగి పడుకొన్నారు. అమ్మ మాత్రం, "మాట్లాడనివ్వండిరా. అడిగినవాడికి జవాబు చెప్పరా?" అంది.

మరునాడు కూర్చొని మాట్లాడాము. ఆయనకు చావాలని లేదు. మనుమరాలి కాలేజీ ఫీజు తన ప్రయాణాలకు ఖర్చయిపోతున్నదేమోనని లెక్క వేసుకొంటున్నారు. పింఛను డబ్బు ఎంత, ఖర్చు ఎంత, ఫీజు ఎక్కడినుండి కడుతున్నామో పుస్తకంలోనే వ్రాసి చూపించాము. డాక్టరుగారిని కూడా ఆయనే అడిగారు. మూత్రం దాదాపు ఆగిపోయినవారు మానివేస్తే కొద్ది రోజులు, మహా అయితే రెండు మూడు వారాలు అని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. అమ్మ తన మూత్రపిండం ఇస్తానంది గాని ఆమెకు చక్కెర ఉన్నందున కుదరదన్నారు. అన్నీ విని నాన్నగారు ఇంటికి వచ్చి, "అయితే రేపటికి ఉతికిన పంచె తీసి పెట్టండి" అన్నారు. ఆ తరువాత ఏ డయాలసిస్‌నూ మానలేదు. మేము కూడా ఆయనను అడగకుండా ఆయన గురించి ఏ నిర్ణయమూ చేయలేదు.

ఈ జబ్బు పోతుందని మేము చెప్పడం లేదు. మా బెంగ కూడా పూర్తిగా పోలేదు. ఫోను రాత్రిపూట మ్రోగితే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కాని బెంగను లోపల దాచుకోకుండా ప్రశ్నగా మార్చి, ప్రశ్నను కాగితం మీద పెట్టి, మర్యాదగా అడగడం నేర్చుకొన్నాము. అది కృతఘ్నత కాదు. మనవారిని చూసుకోవడంలో అది కూడా ఒక భాగమే. మీరు కూడా అడగండి. ముందు మీ రోగిని అడగండి, తరువాత ఆసుపత్రివారిని అడగండి. మీది తప్పయితే క్షమాపణ చెప్పండి. నిజమైతే వెనుకాడకండి.

తిత్లీ తరువాత నాన్నగారు నాటిన కొబ్బరి మొక్కలు కొన్ని ఇప్పుడు కాపుకు వచ్చాయి. ఆ నీళ్ళు ఆయన త్రాగలేరు. మొన్న ఒక గెల దింపించి, డయాలసిస్ కేంద్రంలోని సిస్టర్లకు, ఆ టెక్నీషియను కుర్రవాడికి తలా రెండు బోండాలు పంపించారు. పుస్తకం వెనుక పేజీలో తన చేతితోనే ఒక మాట వ్రాశారు: "అందరూ బాగున్నాయన్నారు."